చేతిపనికి వ్రాతసాక్ష్యము
వృత్త్యనుభవముచే పరదేశప్రవేశము పొందు విధానముయొక్క చరిత్రము

మన కులమువారు పని చేసి చూపి బ్రతికినవారే కాని పత్రము చూపి బ్రతికినవారు కారు. నాగలి చెక్కిన వడ్రంగిని, కఱ్ఱు సాగగొట్టిన కమ్మరిని, గంట పోతపోసిన కంచరిని, విగ్రహము మలచిన శిల్పిని, మంగళసూత్రము చేసిన స్వర్ణకారుని "నీకీ పని వచ్చుననుటకు నిదర్శనమేమి?" యని గ్రామమున నడిగినవారు లేరు. దూలము నిలిచినదా, కఱ్ఱు దిగినదా యనునదే పరీక్ష, ఊరివారే సాక్షులు. ఇట్టి వంశమున పుట్టి, చిన్ననాడే రంపము పట్టి, పనియందెవరికిని తీసిపోని యువకుడు నేడు కెనడాకు పోగోరి దరఖాస్తు పెట్టినచో, అతని చేతిని ఎవ్వరును చూడరు; అతని కాగితములను చూచెదరు. కాగితములు లేనిచో పది సంవత్సరముల పనియు సున్నయే యగుచున్నది.

ఇది ఒక్క యువకుని దురదృష్టము కాదు. దీనికొక చరిత్రము కలదు. చేతిపనివాని నైపుణ్యమును పరరాజ్యద్వారమువద్ద ఏ త్రాసుతో తూచవలెనను ప్రశ్న నేటిది కాదు. దానికి కాలానుసారముగా పలువిధములైన సమాధానములు వచ్చినవి. వానిలో కెనడాదేశపు చట్టములను ముఖ్యముగా దీసికొని మేమిచ్చట విచారింపబూనితిమి. ఏలయన ఒక్క శతాబ్దకాలములో ఆ ద్వారము మనదేశీయులకు మొదట మూయబడి, పిమ్మట చదువునకు తెఱువబడి, తుదకు చేతిపనికి ప్రత్యేకముగా తెఱువబడినది. ఆ చరిత్రము తెలిసినగాని మనవారు ఎచ్చట నిలిచిపోవుచున్నారో తెలియదు.

పూర్వాచారము

మొదట మనదేశమునందలి పూర్వాచారమును స్మరింతము. పనివారు దేశాంతరమునకు పోవుట మనకు క్రొత్త కాదు. క్రీ.శ. 5వ శతాబ్దమున లాటదేశమునందలి పట్టుసాలెలు తమ శ్రేణితో గూడ మాళవమునందలి దశపురమునకు వలసపోయిరి. దశపురమనగా నేటి మధ్యప్రదేశములోని మందసౌరు. మాళవసంవత్సరము 493లో, అనగా క్రీ.శ. 436 ప్రాంతమున, వారచ్చట సూర్యదేవాలయమును గట్టించిరి. మాళవసంవత్సరము 529లో దానిని బాగుచేయించిరి. ఈ వృత్తాంతమును వత్సభట్టియను కవి రచించిన శాసనము తెలుపుచున్నది. వలసపోయినవారిలో కొందఱు నేతయందే యుండగా, మఱికొందఱు ధనుర్విద్యను, జ్యోతిషమును, ఇతర విద్యలను అవలంబించిరట. వారు మన వృత్తివారు కాకున్నను ఒక విషయము మనము గమనింపదగినది. వారు విడివిడి మనుష్యులుగా కాక శ్రేణిగా పోయిరి. శ్రేణిపేరుతోనే శిలపై నిలిచిరి.

రెండవ విషయము ధర్మశాస్త్రములయందున్నది. పని నేర్చుకొనువానికి నారదస్మృతియు యాజ్ఞవల్క్యస్మృతియు 'అంతేవాసి' యని పేరిడినవి. అతడు తనవారి యనుమతితో ఆచార్యునియింటికి పోవునప్పుడే ఎంతకాలముండవలెనో నిర్ణయించుకొనవలెను. ఆచార్యుడతనికి తన యింట నన్నము పెట్టవలెను; కొడుకువలె చూడవలెను; నేర్పదలచిన పని తప్ప వేఱుపని చేయింపరాదు. గడువునకు ముందే పని వచ్చినను శిష్యుడు గడువు తీరువఱకు నుండవలెను. అంతవఱకు అతని పనిఫలము ఆచార్యునిదే. గడువు తీరినపిదప అతడు స్వతంత్రుడు. అనగా శిష్యత్వమునకు ఆదియు అంతమును నిర్ణీతములై యుండెను.

మూడవది శాసనగౌరవము. పట్టదకల్లులోని విరూపాక్షాలయము 8వ శతాబ్దమున చాళుక్యరాజగు రెండవ విక్రమాదిత్యుని కాంచీవిజయమునకు స్మారకముగా రాణి లోకమహాదేవి గట్టించినది. ఆ యాలయమును నిర్మించిన స్థపతి గుండ అనివారితాచారి. అతనికి 'త్రిభువనాచారి' యను బిరుదము నొసగిన సంగతి అచ్చటి శిలాశాసనముననే కలదు. పని యొకచోట, ప్రశంస యొకచోట నుండక, చేసిన పనిపైననే చేసినవాని పేరును అర్హతయు చెక్కబడినవి. ఇంతకంటె మేలైన యోగ్యతాపత్రము మఱియేమి కావలెను?

సంఘసాక్ష్యము, కాలనియమము, లిఖితగౌరవము అను నీ మూడును పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థితులు. ఈ వ్యాసాంతమున ఇవియే వేఱు పేరులతో మఱల మనకు కనబడగలవు.

ద్వారము మూయబడిన కాలము

20వ శతాబ్దారంభమున పంజాబునుండి కెనడా పడమటితీరమగు బ్రిటిషు కొలంబియాకు పోయినవారనేకులు కొయ్యకోత మిల్లులలో పనిచేయుచుండిరి. పని రాదని వారిని త్రోసివేసినవారు లేరు. పని వచ్చుటయే అచ్చటి కొందఱికి కంటగింపయ్యెను. 1908లో కెనడా ప్రభుత్వమొక నిబంధన చేసినది. వచ్చువాడు తన జన్మదేశమునుండి నడుమ నెచ్చటను ఆగక ఒకే ప్రయాణముగా రావలెనట. టిక్కెట్టును అచ్చటనే కొని యుండవలెనట. ఆ నిబంధనలో భారతదేశమను మాటయే లేదు. కాని భారతదేశమునుండి అట్లు నేరుగా పోవు ప్రయాణమునకు వీలులేకుండుటయే దాని మర్మము.

ఈ నిబంధనను పరీక్షింపగోరి 1914లో కొమగటమారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో మే 23వ తేదీన వాంకూవరు రేవు చేరెను. రెండు నెలలు నీటిపైననే నిలిపి, కొలదిమందిని మాత్రము దింపుకొని, జూలై 23న మిగిలినవారిని వెనుకకు పంపివేసిరి. ఆ యోడలోనివారికి ఏ పని వచ్చునో, ఎన్నియేండ్లు చేసిరో అడుగుటకు ఆ చట్టములో చోటే లేదు. ఈ కృత్యమునకు కెనడా ప్రధానమంత్రి తమ పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016లో.

ఇంతకంటెను వింతయైన యుపాయము ఆస్ట్రేలియావారిది. 1901 నాటి చట్టము ప్రకారము వచ్చినవానిచేత అధికారి యూరపుఖండపు భాష యొకదానిలో 50 మాటలు చెప్పి వ్రాయింపవచ్చును. భాషను ఎంచువాడు అధికారియే. వచ్చినవానికి ఇంగ్లీషు వచ్చినచో వేఱు భాష చెప్పవచ్చును. ఇది పరీక్షయను పేరుగల నిరాకరణము. 1958లోగాని దీనిని తొలగింపలేదు. పరీక్షయనగా సమర్థుని నిలుపుటకా, త్రోయుటకా యను సందేహము మనవారి మనస్సులలో పాదుకొనుటకు ఇట్టివే కారణములు.

అదే కాలమున మనదేశపు ప్రభుత్వమును వలసలపై చట్టమొకటి చేసినది. కూలీల ఒప్పందపు వలసలు 1917లో నిలిచిపోయిన తరువాత 1922లో వచ్చిన వలసచట్టము, నైపుణ్యములేని పనికి పోవుటను, నైపుణ్యముగల పనికి పోవుటను వేఱుచేసినది. నైపుణ్యముగల పనులలో మొదట చెప్పబడినది చేతివృత్తి. అట్టివానిని పరదేశమునకు తీసికొనిపోవువాడు ప్రభుత్వపు అనుమతి పొందవలెను. 1983లో క్రొత్త చట్టము దీని స్థానమును గ్రహించినది. కాని దాని క్రింద పదవతరగతి ప్యాసైనవాని పాస్‌పోర్టుకు అనుమతిముద్ర అక్కఱలేకుండుటయు, ఇరువదియేండ్లు పనిచేసిన మేస్త్రీకి చదువు లేనిచో గల్ఫు మొదలగు దేశములకు పోవుటకు ఆ ముద్ర కావలసివచ్చుటయు సంభవించినవి. రక్షణార్థమే యనినను, ఇచ్చటను త్రాసు చేతిని కాక బడిని తూచినదని గుర్తింపవలెను.

మార్కుల త్రాసు

కెనడాలోని భారతీయులకు 1947లో వోటుహక్కు లభించినది. మనదేశము స్వతంత్రమైన పిదప 1951లో కుదిరిన ఒప్పందముచే సంవత్సరమునకు 150 మంది భారతీయులను చేర్చుకొనుట కంగీకరించిరి. 1957లో అది 300 అయ్యెను. 1962 నాటి నిబంధనలు జాతివివక్షను చాలవఱకు తొలగించి, చదువును, శిక్షణను, నైపుణ్యమును చూడవలెననినవి. కాని ఎట్లు చూడవలెను? ఒక్కొక్క అధికారికి ఒక్కొక్క దృష్టి యుండునుగదా! కావున 1967 అక్టోబరు 1 నుండి పాయింట్లు అనబడు మార్కులపద్ధతి ప్రారంభమయ్యెను. లోకమున ఇట్టి పద్ధతికిదియే మొదలు.

ఆ పద్ధతిలో 100 మార్కులకు 50 వచ్చినచో ప్యాసు. చదువునకును శిక్షణకును గలిపి 20, అధికారి స్వయముగా చూచి వేయునవి 15, వృత్తికి గల గిరాకికి 15, వృత్తినైపుణ్యమునకు 10, వయస్సునకు 10, ముందుగా కుదిరిన ఉద్యోగమునకు 10, ఇంగ్లీషు ఫ్రెంచి భాషలకు 10, అచ్చటి బంధువులకు 5, పోవు ప్రాంతమునందలి అవకాశములకు 5. చదువుమార్కులు ఏడాదికొకటి చొప్పున. క్రమమైన వృత్తిశిక్షణయు, అప్రెంటిసుకాలమును ఈ లెక్కలో చేరును. అనగా చేతిపని నేర్చుకొనుటయు చదువేనని ఆ చట్టము ఒప్పుకొన్నది. కాని అది నమోదైన శిక్షణయై యుండవలెను. తండ్రిప్రక్కన కూర్చుండి నేర్చినవానికి ఆ గడిలో వ్రాయుటకు ఏమియు లేకపోయెను.

అనుభవమునకు తనదియగు గడి 1978 నాటి నిబంధనలలో వచ్చినది. అప్పుడు చదువునకు 12, వృత్తికి కావలసిన ప్రత్యేకశిక్షణకు 15, అనుభవమునకు 8 మార్కులు. 1967లో 20గా నున్నది చదువున 12కు దిగుటయు, అనుభవము ప్రత్యేకముగా లెక్కకు వచ్చుటయు చేతిపనివానికి మేలే.

కాని 2002లో త్రాసు మఱల చదువువైపు మొగ్గినది. ఆ సంవత్సరపు చట్టము క్రింద చదువునకు 25, భాషకు 24, అనుభవమునకు 21, వయస్సు, కుదిరిన ఉద్యోగము, ఇమిడిపోగల శక్తి యను మూడింటికి పదేసి. ప్యాసుమార్కు మొదట 75, 2003లో 67. ఇందు వడ్రంగిపనియు నైపుణ్యముగల వృత్తియే. అయినను ఒక లెక్క వేసి చూతము. ముప్పదియైదేండ్ల వడ్రంగి, పైతరగతి బడి ముగించినవాడు, నాలుగేండ్లకు మించిన అనుభవముగలవాడు, ఇంగ్లీషు నడిమితరముగా తెలిసినవాడు. వయస్సునకు 10, అనుభవమునకు పూర్తిగా 21, చదువునకు 5, భాషకు 8, మొత్తము 44. కెనడాలో ఉద్యోగము కుదిరి దానివలన 15 కలిసినను 59. చేతిపనిలో నూటికి నూరు తెచ్చుకొన్నవాడు మొత్తము పరీక్షలో తప్పిపోయెను! పట్టభద్రుడో, ఇంగ్లీషు మాటకారియో సులభముగా ప్యాసయ్యెను. ఇట్లు పదేండ్లు గడచుసరికి ఆ దేశమున చదువరులు వచ్చిరి. గోడ గట్టువాడు, గొట్టము బిగించువాడు, ఇనుమతికించువాడు చాలరైరి.

2013 : చేతిపనికి ప్రత్యేకద్వారము

ఈ లోపమును సరిచేయుటకు 2013 జనవరి 2 నుండి కెనడా ప్రభుత్వము 'ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్' అను ప్రత్యేకవిధానమును ప్రారంభించినది. మొదటి సంవత్సరమునకు 3,000 దరఖాస్తులని పరిమితి పెట్టిరి. ఇందు మార్కుల కూడిక లేదు. నాలుగు నియమములు తీరినచో చాలును.

మొదటిది అనుభవము. దరఖాస్తునకు ముందు ఐదేండ్లలో రెండేండ్ల పూర్తికాలపు పని యుండవలెను. వారమునకు 30 గంటల చొప్పున ఇది 3,120 గంటలు. వారమునకు అఱువది గంటలు పనిచేసితినని రెండేండ్లను ఒక్కయేడు చేయుటకు వీలులేదు. ముప్పదికి మించిన గంటలు లెక్కకు రావు. రెండవది, తాను పనిచేసిన దేశమున ఆ వృత్తిని స్వతంత్రముగా చేయుటకు అర్హుడై యుండవలెను. ఆ యర్హత వచ్చిన పిమ్మటి కాలమే అనుభవము. మూడవది భాష. వినుట, మాటాడుటలయందు ఐదవ మెట్టు, చదువుట, వ్రాయుటలయందు నాల్గవ మెట్టు. ఐఎల్‌టీఎస్ పరీక్షలో ఇవి వినుటకు 5, మాటాడుటకు 5, చదువుటకు 3.5, వ్రాయుటకు 4. పట్టభద్రులను అడుగు భాషకంటె ఇది చాల తక్కువ. నాల్గవది, కనీసమొక సంవత్సరపు ఉద్యోగమునకు అచ్చటి యజమానుని పిలుపైనను, అచ్చటి రాష్ట్రాధికారులిచ్చు వృత్తియోగ్యతాపత్రమైనను ఉండవలెను. ఈ పత్రమునకు పరీక్ష కలదు. సాధారణముగా ఆ రాష్ట్రమునకు పోయియే తన పని చూపి పరీక్ష వ్రాయవలసి యుండును. రాష్ట్రములన్నిటియందును చెల్లు 'రెడ్ సీల్' పరీక్షలో నూటికి 70 రావలెను.

ఈ విధానమునకు చదువు నియమము లేదు. 1967 మొదలు వెదకినను చేతిపనివాని కింత సూటిగా తెఱచిన ద్వారము కానరాదు. అయితే ఈ ద్వారము పంచవృత్తులకును సమానముగా తెఱవలేదు. వడ్రంగి, వెల్డరు, విద్యుత్పనివాడు మున్నగువారు జాబితాలో నుండిరి, స్వర్ణకారుడు లేడు. అతడు మార్కుల మార్గముననే పోవలెను. అచ్చటి కర్మాగారములకును గృహనిర్మాణమునకును కావలసినవారినే ఆ దేశము పిలిచినది, అది సహజమే.

2015 జనవరి 1 నుండి 'ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ' యను పద్ధతి వచ్చి, అర్హులను మఱల 1,200 మార్కులపై వరుసపెట్టసాగిరి. ఇందు వయస్సు, చదువు, భాష మఱల ముందునకు వచ్చినవి. వృత్తియోగ్యతాపత్రమున్నవానికి భాషనుబట్టి 25 గాని 50 గాని కలియును. ఉద్యోగపు పిలుపునకిచ్చుచుండిన మార్కులను 2025 మార్చి 25న తీసివేసిరి. ఆ పిలుపులను అమ్ముకొను మోసములను అరికట్టుటయే దానికి కారణము. నడుమ 2023 ఆగస్టు 3న చేతివృత్తులవారిని మాత్రమే ప్రత్యేకముగా ఎంచి 1,500 మందికి ఆహ్వానములు పంపిరి. ఇట్టి నియమములు తఱచు మారుచుండును. కావున పోగోరువాడు ఆనాటి నియమమును ఆ ప్రభుత్వపు ప్రకటనయందే చూచుకొనవలెను, వినికిడిని నమ్మరాదు. కాని నియమములెన్ని మారినను మారనిదొకటి కలదు. అది అనుభవమునకు వ్రాతసాక్ష్యము.

మనవారు నిలిచిపోవుచోటు

ఆ సాక్ష్యమెట్లుండవలెను? యజమానుడు తన సంస్థ పేరుగల కాగితముపై సంతకముతో పత్రమీయవలెను. పని మొదలిడిన తేదీ, విడిచిన తేదీ, చేసిన పనుల వివరము, వారమునకు గంటలు, జీతము, ఇతర లాభములు అందుండవలెను. జీతములేని పని లెక్కకు రాదు. స్వంతముగా పనిచేసికొనువాడు, వ్యాపారము తనదనుటకు ఆధారమును, దానివలన వచ్చిన ఆదాయమునకు ఆధారమును, పని చేయించుకొన్నవారు చెల్లింపు వివరములతో నిచ్చిన పత్రములను చూపవలెను. తనపనిని గూర్చి తాను వ్రాసికొన్న ప్రమాణపత్రము చెల్లదు.

ఇప్పుడు మన యింటివైపు చూతము. కుమారుడు తండ్రి కొట్టములో పనిచేయును, అన్నము తినును, పండుగకు బట్టలు పొందును, జీతమెక్కడిది? ఎనిమిదేండ్లు చేసినను చట్టదృష్టిలో ఒక్కనాడును పనిచేయనివాడే. అతని శిష్యత్వమెన్నడు ముగిసినది, స్వతంత్రవృత్తి యెన్నడు మొదలైనది? తండ్రికే తెలియదు. నారదుడు విధించిన కాలనియమమును మనమెన్నడో మఱచితిమి. కెనడావారు దానినే అడుగుచున్నారు.

ఇంతకంటె నిష్ఠురమైన మాట యొకటి చెప్పవలసియున్నది. ఈ మహాసభకు పోషకులైనవారిలో కొయ్యసామానుల కార్ఖానాలు, నగల దుకాణములు, ఇనుపపని కర్మశాలలు గలవారనేకులు. వారియొద్ద పనిచేయువారు చాలవఱకు మన పిల్లలే. మేనల్లుడని, బావమఱది కొడుకని ఆదరముతో పనిలో పెట్టుకొందురు, కష్టమునకాదుకొందురు, పెండ్లిండ్లు చేయింతురు. ఈ యుపకారమును మేము తక్కువచేయుట లేదు. కాని నియామకపత్రమీయరు; జీతము చేతికిత్తురే కాని బ్యాంకుద్వారా నీయరు; హాజరు పుస్తకములో పేరు వ్రాయరు. వ్రాసినచో రేపు హక్కులడుగుననియో, పన్నులవారు చూతురనియో భయము. ఆ భయమువలన మిగులు ధనము స్వల్పము; దానివలన పోవునది ఒక పిల్లవాని పదేండ్ల జీవితము. అన్నము పెట్టిన చేయి ఒక సంతకమును పెట్టజాలదా?

గల్ఫు దేశములకు పోయిన తెలంగాణపు కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల సోదరులలోను ఇట్టి బాధయే కలదు. చేయునది వడ్రంగిపనియైనను వీసాపై 'లేబరు' అని యుండును. అట్టివాడు కంపెనీనుండి తాను నిజముగా చేసిన పని వివరములతో పత్రము తెచ్చుకొనక తిరిగివచ్చినచో, మఱల అది సంపాదించుట దుర్లభము. దేశము విడుచునాడే అడిగి తెచ్చుకొనవలెను.

పత్రము లేనివానికి దొంగపత్రము అమ్మువారును బయలుదేరిరి. ఇది మహాపాయము. అబద్ధపు పత్రము బయటపడినచో కెనడాద్వారము ఐదేండ్లు మూతపడును. 2014కు పూర్వము ఇది రెండేండ్లే. అంతేకాదు, నిజముగా పని వచ్చినవాడు దొంగపత్రము పెట్టినచో నిజమును తానే అబద్ధము చేసికొన్నవాడగును. డబ్బు దీసికొని సలహా చెప్పువాడు ఆ దేశపు లైసెన్సు గలవాడో కాదో ముందుగా విచారించుకొనవలెను.

చేయదగినది

ఇంతకును మేము యువకులందఱును దేశము విడువవలెనని బోధించుట లేదు. ఊరనుండి గౌరవముగా బ్రతుకగలవాడు ఉండుగాక. కాని పోవలెననుకొన్నవాడు పనిలేమిచేతగాక పత్రలేమిచేత ఆగిపోవుట అన్యాయము. పత్రము ఉన్నవానికి స్వదేశమునను మేలే. బ్యాంకు అప్పునకైనను, ప్రభుత్వపు కాంట్రాక్టునకైనను అదే కావలెను.

మనదేశమునను మార్గములు లేకపోలేదు. 1950లో ప్రారంభమైన వృత్తిశిక్షణ ప్రణాళిక క్రింద ఐ.టి.ఐ.లు ఏర్పడినవి. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది. 2015 నుండి పూర్వము నేర్చిన పనిని పరీక్షించి గుర్తించు పద్ధతియు ప్రభుత్వపు నైపుణ్యప్రణాళికలో చేరినది. 2023 సెప్టెంబరు 17న మన కులదైవము పేరనే వచ్చిన పి.ఎం. విశ్వకర్మ ప్రణాళిక 18 వృత్తులవారికి ధ్రువపత్రమును గుర్తింపుకార్డును ఇచ్చుటకు ఏర్పడినది. అందు వడ్రంగి, కమ్మరి, స్వర్ణకారుడు, శిల్పి కలరు. ఇవి యొక్కటియు కెనడావారికి చాలునని మేము చెప్పము. అచ్చటివారు తమ పరీక్ష తాము చేసికొందురు. కాని వ్రాతలో మొదటి యడుగు ఇదియే.

కావున ఈ మహాసభవారికి మూడు వినతులు చేయుచున్నాము. ఒకటి: ప్రతి జిల్లాసంఘమునందును వృత్తినమోదు పుస్తకము నొకదాని నుంచవలెను. పిల్లవాడు పనిలో చేరిన తేదీ, శిష్యత్వము ముగిసిన తేదీ, నేర్పినవాని పేరు అందు వ్రాసి, ముగిసిననాడు పెద్దలయెదుట సంతకములు చేయింపవలెను. ఇది అంతేవాసి కాలనియమమే. రెండు: మన పోషకులు తమ కర్మశాలలయందలి ప్రతి పనివానికి నియామకపత్రము, బ్యాంకుద్వారా జీతము, విడుచునప్పుడు అనుభవపత్రము ఇత్తుమని ఈ వేదికపైననే వాగ్దానము చేయవలెను. తండ్రియు కుమారునికి అట్లే చేయవలెను. స్వంత కొట్టముగలవారు ప్రతి పనికిని రసీదు వ్రాయుట నేర్వవలెను. మూడు: సంఘపు విద్యార్థివసతిగృహములయందు సాయంకాలము ఇంగ్లీషు తరగతులను పనివారికొఱకు ప్రత్యేకముగా పెట్టవలెను. వ్రాయుటకు నాల్గు, మాటాడుటకు ఐదు అను మెట్లు శ్రద్ధగలవానికి అందరానివి కావు.

వ్రాత విలువ మనకు తెలియనిదికాదు. 1818 నాటి చిత్తూరు అదాలతు తీర్పును మన పెద్దలు అచ్చువేయించి దాచుకొనిరి. మన ఆచారహక్కులకు అది వ్రాతసాక్ష్యమని వారెఱుగుదురు. కులమునకొకనాడు కావలసిన వ్రాత నేడు కులమునందలి ఒక్కొక్క పనివానికి కావలసివచ్చినది. అనివారితాచారి పేరు శిలపై నిలుచుటకు రాజు పూనుకొనెను. మన పిల్లవాని పేరు ఒక కాగితముపై నిలుచుటకు అతని మేనమామ పూనుకొన్న చాలును.

ఈ సంచిక చదివి ఇంటికి పోవువారు, రేపు ఉదయము తమ కొట్టమునకు పోయి, అచ్చట పనిచేయుచున్న పిల్లవాని పేరును, అతడు చేరిన తేదీని ఒక పుస్తకములో వ్రాసినచో మా శ్రమ సఫలమగును. శుభం భూయాత్.